నూకాలు తిరుగుడు

అనగనగా ఒక చలికొండ. మబ్బులు వచ్చి చెట్ల కొమ్మలకు తగులుకునేంత ఎత్తు. ఆ కొండ అడవిలో దుబ్బన్న అనే ఎలుగుబంటి దొర ఉండేవాడు. అతని గుహ వెనక పెరట్లో ఒక చిన్న కొలను, ఆ కొలనులో బంగారు రంగు చేపలు. అలాంటి చేపలు ఆ అడవిలో ఇంకెక్కడా లేవు. ఇంటికి ఎవరొచ్చినా దుబ్బన్న కూర్చోమనేవాడు కాదు, మంచినీళ్లు కావాలా అని అడిగేవాడు కాదు. "రండి, ముందు నా చేపలు చూద్దురుగాని" అంటూ పెరట్లోకి లాక్కుపోయేవాడు.

కొలను గట్టున తుంగ పొదలో నూకాలు అనే ఆడబాతు ఉండేది. ఎప్పుడో గాలివానలో ఒక చెట్టుకొమ్మ తన మీద పడి ఆమె రెక్క విరిగింది. చలి మొదలవగానే తోటి బాతులన్నీ కింద మైదానంలోని వెచ్చటి చెరువులకు ఎగిరిపోయేవి. నూకాలు ఎగరలేదు. ఆ తుంగ తప్ప ఆమెకు తల దాచుకునే చోటు లేదు.

నూకాలుకు ఒక పని ఉండేది. ఎవరూ చెప్పలేదు, తానే నెత్తికెత్తుకుంది. ఆ కొండ మీద చలికాలం వస్తే ఆకు మీది మంచుబొట్టు కూడా రాయిలా బిగుసుకునేది. కొలను మీద మంచు పలక మూసుకుంటే కింద చేపలకు గాలి అందదు. అడుగున కుళ్లే ఆకుల చెడ్డగాలి బయటికి పోదు. అందుకని నూకాలు పొద్దు వాలింది మొదలు మళ్లీ పొద్దు ఎక్కేదాకా కొలను మధ్యలో గుండ్రంగా ఈదుతూనే ఉండేది. నీరు కదులుతుంటే గడ్డకట్టదు కదా! చాటంత చోటు తెరిచి ఉంటే చాలు, కొలనంతా బతుకుతుంది. చేపలు ఆ చోటుకు 'ఊపిరి గుమ్మం' అని పేరు పెట్టుకున్నాయి. నూకాలు తన పనిని 'తిరుగుడు' అనేది.

"ఇవాళ తిరుగుడు బాగా సాగింది, తాతా" అనేది పొద్దున్నే. తాత అంటే చేపలకు పెద్ద. పొలుసుల తాత అనేవారు.

"నీ పుణ్యమే తల్లీ" అనేవాడు తాత.

అప్పటికి నూకాలు కాళ్లు కొయ్యబారి ఉండేవి. ఎండ తగలగానే తుంగలోకి వెళ్లి పడి నిద్రపోయేది.

దుబ్బన్న నిద్ర లేచేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. అంచుల్లో కట్టిన మంచు కూడా అప్పటికి కరిగిపోయేది. అతనికి కనిపించేది ఇంతే: నిండు నీళ్లు, ఆడుకునే చేపలు, పట్టపగలు గురక పెట్టే బాతు.

అలా మూడు చలికాలాలు గడిచాయి. ఒక్క చేప కూడా చావలేదు.

నాలుగో చలికాలంలో ఒకరోజు పొద్దున్నే దుబ్బన్న ఇంటికి కణుజు అనే పెద్ద దుప్పి, అడవిపంది, నక్క చుట్టపుచూపుగా వచ్చాయి. దుబ్బన్న కళ్లు నులుముకుంటూ లేచి వాళ్లను పెరట్లోకి తీసుకుపోయాడు. నూకాలు ఇంకా నీళ్లలో తిరుగుతూనే ఉంది.

నక్క మెడ చాచి చూసింది. "దొరా, బంగారు చేపలన్నావు. నాకు అలలు తప్ప ఏమీ కనబడటం లేదే!" అంది. అడవిపంది కిసుక్కున నవ్వింది.

దుబ్బన్నకు తల కొట్టేసినట్టయింది. "ఏమే నూకాలూ! పొద్దున్నే ఏమిటే ఆ గిరగిరా తిరగడం? గట్టెక్కు!" అని అరిచాడు.

"ఇంకాసేపు ఆగండి దొరా. ఎండ రానివ్వండి. ఇప్పుడు ఆపితే నీళ్లు గడ్డకడతాయి" అంది నూకాలు.

"ఈ కొలను ఎప్పుడైనా గడ్డకట్టిందా?"

"లేదు దొరా."

"మూడేళ్లుగా నా కళ్లతో చూస్తున్నాను. ఒక్కనాడూ కట్టలేదు. గడ్డే కట్టని కొలనుకు నీ కాపలా ఎందుకే?"

"నేను తిరుగుతున్నాను కాబట్టే కట్టలేదు దొరా."

నక్క పడీపడీ నవ్వింది. "భలే భలే! నేను రోజూ తోక ఊపుతున్నాను కాబట్టే ఆకాశం ఊడిపడటం లేదు. నాకూ ఏమైనా ఇప్పించు దొరా!"

"నవ్వకండి బాబూ. ఇది తిరుగుడు. ఇది పని" అంది నూకాలు.

"తిరుగుడు కాదే, తిరుగుళ్లు!" అన్నాడు దుబ్బన్న. "పనీపాటా లేనివాళ్లు చేసేవి. బాతు ఈదడం కూడా ఒక పనేనా? పగలంతా నిద్ర, లేస్తే తిరుగుళ్లు. పైగా నా తుంగలో కాపురం!"

ఒక్క అక్షరం తేడా, పిల్లలూ! ఆ ఒక్క అక్షరంతో మూడేళ్ల కష్టం బలాదూరు పని అయిపోయింది.

నూకాలు చేపల వైపు తిరిగింది. "తాతా, నువ్వు చెప్పు" అంది.

పొలుసుల తాత తోక ఊపి కాస్త కిందికి జారాడు.

"తాతా, నీకు తెలుసు కదా. చెప్పు" అంది మళ్లీ.

తాత బుడగలు వదిలాడు. గట్టు మీద దుబ్బన్న చేతిలో పండిన మేడిపండ్లు ఉన్నాయి. రోజూ చేపలకు వేసేవి. ఆ చెయ్యి ఇంకా విప్పలేదు.

"తాతా!" అంది మూడోసారి.

తాత పండ్ల వంక చూశాడు, బాతు వంక చూశాడు. "మేం అడుగున ఉండేవాళ్లం తల్లీ. పైన సంగతులు మాకేం తెలుస్తాయి?" అన్నాడు.

దుబ్బన్న చెయ్యి విప్పాడు. పండ్లు టపటపా నీళ్లలో పడ్డాయి. చేపలన్నీ అటు పరిగెత్తాయి.

నూకాలు గట్టెక్కింది. ఎగరలేదు కాబట్టి నడిచే వెళ్లింది. జారుతూ, పడుతూ, లేస్తూ కొలనుకు ఎగువన ఉన్న ఒక బండ సందులో దూరింది. అక్కడ తుంగ లేదు, మెత్తటి చోటు లేదు. వెనక నుంచి నక్క గొంతు వినబడుతూనే ఉంది. "ఇప్పుడు చూడు దొరా, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో!"

మొదటి రోజు కొలను మీద మీగడలా పలుచటి మంచు కట్టింది. దుబ్బన్న లేచేసరికి కరిగిపోయింది.

రెండో రోజు అది అరచేతి మందం అయింది. ఎండ దాని మీద పడి జారిపోయింది తప్ప కరగలేదు. దుబ్బన్న చూసి చప్పట్లు కొట్టాడు. "అద్దం! నా పెరట్లో అద్దం!" అని చుట్టాలకు మళ్లీ కబురు పెట్టాడు.

మూడో రోజుకు ఊపిరి గుమ్మం పూర్తిగా మూసుకుపోయింది. అడుగున తినకుండా మిగిలిన పండ్లు కుళ్లుతున్నాయి. ఆ చెడ్డగాలికి పోయే దారి లేదు. పిల్లచేపలు పైకి వచ్చి మూతులతో మంచును పొడిచాయి. ఎంత చప్పుడు వస్తుంది ఆ మూతులకు?

నాలుగో రోజు చుట్టాలు వచ్చారు. అద్దంలోంచి చూస్తే చేపలన్నీ ఒకేచోట గుంపుగా, నోళ్లు తెరిచి ఉన్నాయి.

"నిన్ను చూసి పాట పాడుతున్నాయి దొరా" అంది నక్క.

"పాట కాదు, ఊపిరాడటం లేదు వాటికి" అంది కణుజు. దుబ్బన్న ఒక్క ఉదుటున గట్టు అంచుకు వచ్చాడు. ఒక పెద్ద బండరాయి ఎత్తాడు.

"కొట్టకండి దొరా!" ఎగువ నుంచి నూకాలు దొర్లుకుంటూ వచ్చింది. "ఆ దెబ్బ మంచుతో ఆగదు, కింద నీళ్లలో చేపలకు తగులుతుంది. మీకు ఒంటి నిండా బొచ్చుంది, వేడి ఉంది. మంచు మీద బోర్లా పడుకోండి. మీ పొట్ట వేడికి మెల్లగా కరుగుతుంది. చాటంత చోటు చాలు. తర్వాత నేను తిరుగుతాను."

అంతే. పడుకుంటే చాలు. కానీ చుట్టాలు చూస్తున్నారు.

"నా పెరట్లో నేను బోర్లా పడుకోవాలా? ఒక తిరుగుళ్ల బాతు చెబితేనా?" అన్నాడు దుబ్బన్న.

మొదటి దెబ్బకు మంచు బీటలు వారింది. రెండో దెబ్బకు కొలను అడుగున ఉరుము ఉరిమినట్టయింది. మూడో దెబ్బకు పలక పగిలింది. పగిలిన చోట నీళ్లు పైకి ఉబికాయి. నీళ్లతో పాటు చేపలు తేలాయి. అన్నీ వెల్లకిలా.

నూకాలు ఆ మంచుపెంకుల మధ్య నీళ్లలోకి దిగింది. ఒక చేప మొప్ప ఇంకా కదులుతోంది. పొలుసుల తాత. ఆమె అతని చుట్టూ తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు.

"ఇన్నాళ్లూ మాకు ఊపిరి ఆడింది నీ తిరుగుడు వల్లేనని తెలుసు తల్లీ," అన్నాడు తాత, "ఎప్పుడూ తెలుసు."

"తెలిసి చెప్పలేదు తాతా."

అంతలోనే తాత మొప్ప ఆగిపోయింది.

గట్టు మీద దుబ్బన్న చుట్టాల వైపు తిరిగాడు. "చూశారుగా! ఈ బాతు కొలనును వదిలేసి తిరుగుళ్లకు పోయింది. నా చేపలన్నీ చచ్చాయి" అన్నాడు. అడవిపంది తల ఊపింది. నక్క "అంతే మరి, దొరా" అంది. నిజం చెప్పిన కణుజు కూడా ఈసారి నేల చూపులు చూసింది.

నూకాలు నీళ్లలోంచి లేచి వచ్చి అతని ఎదుట నిలబడింది. ఆమె కాళ్లు మంచుకు కోసుకుపోయి ఉన్నాయి.

"నేను తిరిగినన్నాళ్లూ మీ పెరట్లో చావు లేదు దొరా. లేనిది మీకు ఎలా కనిపిస్తుంది? ఆ కనిపించకపోవడమే నా పని" అంది.

తర్వాత కొండ దిగువకు నడిచి వెళ్లిపోయింది. మైదానం చేరిందో, దారిలోనే పడిపోయిందో ఎవరూ వెళ్లి చూడలేదు.

ఎండాకాలం వచ్చింది. మంచు కరిగింది. దుబ్బన్న చుట్టాలను పిలిచి పెరట్లోకి తీసుకుపోయాడు. అలలు లేవు. నీళ్లు అడుగుదాకా తేటగా కనబడుతున్నాయి. అందరూ వంగి చాలాసేపు చూశారు. చూడటానికి అందులో ఏమీ లేదు.

నీతి: కీడు జరగడం లేదంటే దాన్ని ఆపుతున్నవాళ్లు ఎక్కడో కష్టపడుతున్నారని తెలుసుకోవాలి. వాళ్లను వెళ్లగొట్టేవాళ్లతో పాటు, అన్నీ తెలిసి నోరు మూసుకున్నవాళ్లు కూడా ఆ కీడును అనుభవించక తప్పదు.