పది అంగుళాల పట్టు

పైడయ్య మాష్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెడతారు. అరిగిన బేరింగో, తెగిన బెల్టు ముక్కో, ఒక్కోసారి ఊరికే ఒక పానా. పెట్టి, తన పని తాను చూసుకుంటారు. అర్థమైనవాళ్ళు శిష్యులయ్యారు. కానివాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు.

ఆయనది బొబ్బిలి దగ్గర పల్లె. సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్ళు బళ్ళు బాగుచేశారు. పెన్షను వచ్చాక ఇంటికి పోలేదు. ఉత్తరాన, ఏడాదిలో ఏడు నెలలు మంచు కరగని సుర్‌గాం కనుమ దగ్గరే ఒక రేకుల షెడ్డు వేసుకొని ఉండిపోయారు. ఎందుకుండిపోయారని అడిగితే మాత్రం, "ఉక్కపోత నాకు పడదు" అంటారు. ఆయన నోటితో చెప్పే జవాబు అదొక్కటే.

ఆ షెడ్డులో మంచు స్కూటర్లు నడపడం, బాగుచేయడం నేర్పుతారు. ఆ బండికి చక్రాలుండవు. వెనక ఇంజను తిప్పే రబ్బరు పట్టా, ముందు రెండు స్కీలు. స్కీ అంటే పడవ ముక్కులా పైకి వంగిన పొడుగాటి పలక. కొండమీది ఇళ్ళ నుంచి రోగులనూ నిండు చూలాళ్ళనూ అలాంటి బండి వెనక స్లెడ్జి కట్టి కిందికి దించే దళం ఒకటి అక్కడుంది. ప్రవల్లిక అందులో డ్రైవరు. ప్రవల్లిక తల్లి శేషారత్నం.

శేషారత్నానికి తణుకులో కుట్టుమిషను ఉంది. నలభై తొమ్మిదేళ్ళలో విజయవాడ దాటి ఎరగదు. డిసెంబరులో ఫోను వస్తే బయల్దేరి వచ్చింది. వాగు మలుపులో బండి జారి పిల్ల కిందికి పడిందనీ, నాలుగు గంటలు మంచులో ఉందనీ, భుజం ఎముకా రెండు పక్కటెముకలూ విరిగాయనీ దారిలో ఒక్కొక్కటే తెలిసింది. పిల్ల బతికింది. మూడు నెలలకు ఎముకలు కూడా అతుక్కున్నాయి. ఆ మూడు నెలలూ కూతురికి తల దువ్వి, జావ కాచి, రాత్రిళ్ళు దాని ఊపిరి వింటూ కూర్చున్న తల్లికి మాత్రం ఏదో అతుక్కోలేదు. గ్లాసు కింద పడితే ఉలిక్కిపడేది.

మార్చి వచ్చేసరికి ప్రవల్లిక మళ్ళీ బండి ఎక్కుతానంది. డాక్టరు సరేనన్నాడు. దళం వాళ్ళు ఒక కాగితం పంపారు. ఇంటివాళ్ళ సంతకం ఉంటే సోమవారం నుంచి డ్యూటీ. లేకపోతే లేదు. ఆ కాగితం పదకొండు రోజులుగా శేషారత్నం స్వెట్టరు జేబులోనే ఉంది. మడతలు నలిగాయి.

"పెడతావా, పెట్టవా?" అని కూతురు అడగడం మానేసింది. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆ పదకొండు రోజులూ ఆమె మాష్టారి షెడ్డుకు వచ్చింది. "నా పిల్ల ఎక్కే బండేమిటో నాకు తెలియాలండి" అంది. ఆయన వద్దనలేదు. నట్టు విప్పడం, బిగించడం, బొటనవేలి కింద వేగం మీట నొక్కి షెడ్డులోని ఇంకో బండిని ముందున్న మైదానంలో నెమ్మదిగా తిప్పడం నేర్పారు. తెలిసింది. భయం తగ్గలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, చేతిలో పానా పట్టుకొనే అడిగింది.

"మాష్టారూ, కడుపున పుట్టినదాన్ని ఎంతవరకూ పట్టుకొని ఉండాలండి?"

ఆయన లోపలికి వెళ్ళి ఒక ఇనుప కడ్డీ తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. స్కీ కింద నిలువునా బిగించే కడ్డీ అది. దాని నడిమి భాగంలో ఇనుముకన్నా గట్టిదైన కార్బైడ్ అంచు పొదుగుతారు. మంచుగడ్డను కరిచి బండిని తిప్పేది ఆ అంచే. దీనికి ఆ అంచు అరిగిపోయింది. వాడి వాడి పారేసిన సబ్బుబిళ్ళలా నున్నగా ఉంది.

"ఆ రోజు అమ్మాయి బండి కిందున్నది ఇదే," అన్నారు మాష్టారు. "బండి చూసి పంపింది నేను." అని వెళ్ళి పనిలో కూర్చున్నారు.

శేషారత్నం ఆ కడ్డీ మీద బొటనవేలు చాలాసేపు రుద్దింది. ఆయన్ని తిట్టాలనిపించలేదు. మూడు నెలల కింద అయితే తిట్టేదే. ఇప్పుడు ఓపిక లేదు.

ప్రవల్లిక బండికి పడినప్పుడు వంగిన స్కీలు ఇంకా మార్చలేదు. ఆ మోడలుకి స్కీలు కంపెనీ మానేసింది. బయటివాళ్ళు చేసినవే తెప్పించాలి. మర్నాడు పార్సెలు వచ్చింది. మూడు రకాలు. మాష్టారు వాటిని బల్లమీద పరిచి, "నువ్వే ఏరమ్మా" అన్నారు.

మొదటి జత వెడల్పుగా, చాటల్లా ఉంది. మెత్తటి మంచులో దిగబడకుండా తేలడానికి. రెండో జతకి అడుగున నిలువునా రెండు గట్లు, ఒక్కో గట్టుకీ నాలుగంగుళాల కార్బైడ్ ఉన్న చిన్న కడ్డీ. మూడోది సన్నంగా ఉంది, మధ్యలో ఒకటే ఎత్తైన గట్టు. దాని కడ్డీకి పది అంగుళాల పొడవునా అంచు. శేషారత్నం మూడింటి మీదా వేలు పెట్టి చూసింది. మూడోదాని దగ్గర వేలి చర్మం లేచింది. ముప్ఫై ఏళ్ళు కత్తెర పట్టిన మనిషికి పదునేమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

"ఇదండి. ఉడుంపట్టు," అంది. "పట్టు లేకే కదా పడింది."

షెడ్డులో పని నేర్చుకుంటున్న ఇద్దరు మొహమొహాలు చూసుకున్నారు. మాష్టారు వాళ్ళకేసి ఒక్క చూపు చూశారు. వాళ్ళు తల దించుకున్నారు. సాయంత్రానికి ఆమె ఏరినవే బండికి బిగించి ఉన్నాయి.

పొద్దున్నే ఆయన బండి స్టార్టు చేసి, "ఎక్కమ్మా" అన్నారు.

"నేనా? అంత దూరమా?"

"వాగు మలుపు దాకా. నీ పిల్లకి ఏరినావు కదా. నువ్వొకపాలి నడిపి చూడు." ఆయన వెనక కూర్చున్నారు.

మొదటి వంపులో బండి చెప్పినట్టు విన్నది. హ్యాండిల్ ఇంత తిప్పితే ఇంతే తిరిగింది. మూడు నెలల తరవాత శేషారత్నం గుండె మీంచి ఏదో కాస్త జరిగింది. "చూశారా!" అని అరిచింది కూడా.

అక్కణ్ణుంచి రోడ్డు అందరూ తొక్కింది. ముందురోజు ఎండకి మెత్తబడిన మంచు మీద సైన్యం బళ్ళూ టూరిస్టుల స్కూటర్లూ వేసిన గాడులు రాత్రికి గడ్డకట్టి రాయిలా ఉన్నాయి. పది అంగుళాల అంచు మొదటి గాడిని అందుకోగానే హ్యాండిల్ చేతుల్లోంచి ఊడినంత పని చేసింది. ఆమె ఎడమకి లాగింది. బండి కుడికే పోయింది. భుజాలు పీకేలా గట్టిగా లాగింది. ఎంత లాగితే అంచు అంత లోతుగా దిగింది. ఇంతలో ఆ గాడి వదిలి పక్కదాన్ని పట్టుకుంది. ఇది ఇంకెవరిదో. ఫొటో తీసుకోవడానికి వాగు అంచుకి పోయిన మనిషెవరిదో. బండి ఆ మనిషి పోయినచోటికే పోతోంది. పట్టు ఏమాత్రం జారలేదు. ఆమె పట్టూ జారలేదు, కడ్డీ పట్టూ జారలేదు. రెండు పట్లూ కలిసి బండిని వాగు అంచుకేసి తీసుకుపోతున్నాయి.

"మాష్టారూ!"

వెనకనుంచి మాట లేదు. మీట మీద బొటనవేలు ఇంకా నొక్కే ఉందని అప్పుడు తెలిసింది ఆమెకి. వదిలింది. బండి రెండుసార్లు కుదిపి ఆగింది. ముందు పది అడుగుల మంచు, దాని తరవాత ఏమీ లేదు. కింద ఎక్కడో నీటి చప్పుడు.

కూతురు పడ్డ మలుపు అదేనని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ పిల్ల పట్టు లేక పడింది.

మాష్టారు దిగి, గ్లవుజు తీసి, ముక్కు తుడుచుకున్నారు.

"ఏటమ్మా, పట్టు బాగుందా?"

శేషారత్నం చేతులు హ్యాండిల్‌కి అంటుకుపోయినట్టున్నాయి. ఒక్కో వేలే విడదీసుకుంది.

తిరుగుదారిలో ఆయనే నడిపారు. షెడ్డు ముందు ప్రవల్లిక ఎదురొచ్చింది. బండి కిందికి వంగి చూసి, నిటారుగా లేచింది.

"ఎవరమ్మా ఈ కొడవళ్ళు బిగించింది?"

"నేనే."

"నువ్వా? కుట్టుమిషనుకి సూది మార్చినట్టే అనుకున్నావేంటి?" నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగింది. "అమ్మా, నా వెనక ఒక మనిషి పడుకొని ఉంటుంది. నెలలు నిండిన మనిషి. ఇది ఎవడి గాడో పట్టుకొని పోతే..."

"పోయింది. తెలుసు."

ఎవరో టీ తెచ్చిచ్చారు. శేషారత్నం చేతుల్లో గ్లాసు గడగడలాడి సగం చెయ్యి మీదే ఒలికింది. ప్రవల్లిక తన రెండు చేతులూ తల్లి చేతుల చుట్టూ పెట్టింది.

"వదలవే. తాగుతాలే," అంది శేషారత్నం. ప్రవల్లిక వదిలేసింది. తల్లి ఎలాగో తాగింది. తాగాక బల్లకేసి చూపించింది.

"నువ్వైతే ఏది ఏరతావు?"

కాగితం వచ్చాక ఆమె కూతుర్ని అడిగిన మొదటి మాట అది. ప్రవల్లిక ఆలోచించకుండా రెండు గట్ల స్కీ మీద చెయ్యి పెట్టింది.

"దానికి నాలుగే అంగుళాలు కదే."

"నాలుగే. వంపులో పట్టుకుంటుంది. గాడిలో పడ్డా నేను తిప్పితే బయటికొస్తుంది. అరిగిందో లేదో మాత్రం రోజూ చూసుకోవాలి." స్కీ మీంచి చెయ్యి తీసి, "ఆ రోజు నేనూ చూసుకోలేదమ్మా. మాష్టారొక్కరే కాదు," అంది.

శేషారత్నం పానా తీసుకొని మంచులో మోకాళ్ళ మీద కూర్చుంది. కొడవళ్ళు తనే విప్పింది. కొత్త జత తనే ఎక్కించింది. ప్రతి నట్టూ బిగించి, మళ్ళీ మొదటినుంచి బిగించి చూసింది. మధ్యలో కూతురు సాయం రాబోతే చేత్తోనే వద్దంది. మాష్టారు పక్కన పీట వేసుకొని కూర్చున్నారు. తప్పు పట్టలేదు, మెచ్చుకోలేదు. ఎండ షెడ్డు గోడ దాకా వచ్చేసరికి పని అయింది.

లేచి, చేతులు గుడ్డతో తుడుచుకొని, జేబులోంచి కాగితం తీసింది. బల్లమీద పెట్టి సంతకం చేసింది. పొద్దుటి వణుకు ఇంకా పోలేదు. అక్షరాలు కోడి గీసినట్టు వచ్చాయి. బ్యాంకులో అయితే తిప్పి పంపేవాళ్ళు. ప్రవల్లిక కాగితం అందుకొని, చదవకుండా, మడత పెట్టకుండా అలాగే నిలబడింది.

"మాష్టారూ, ఇది సరిపోతుందాండి?"

స్కీ గురించి అడిగిందో, సంతకం గురించి అడిగిందో, ఆమెకే తెలియదు.

ఆయన అలవాటుగా ఆమె చేతిలో పెట్టడానికి ఏమన్నా ఉందా అని బల్లంతా వెతికారు. ఏమీ కనబడలేదు. ఆమె చేతులు చూశారు.

"సరిపోదమ్మా," అన్నారు. "మిగతాది నడిపేవాళ్ళ చేతుల్లో ఉంటాది."