ఆషాఢంలో అత్తారింటికి వెళ్ళిన మబ్బు

ఒకప్పుడు మబ్బులు కొండల దగ్గర ఆగేవే కావు. ఎక్కడో పైపైన, ముక్కు పైకెత్తుకుని చకచకా దాటిపోయేవి. వాన పడితే సముద్రం మీదే పడేది. కొండలకి దక్కేది కాస్త మంచు తడి. ఇది మీ అమ్మ పుట్టిన ఊరి కొండల కథ, కుదురుగా కూర్చోండి. మధ్యలో లేచారో, చెప్పను!

ఆ రోజుల్లో కొండయ్యకీ అడవమ్మకీ ఒక్కగానొక్క కూతురు, పేరు చిట్టేరు. సన్నగా, చలాకీగా, గలగలా మాట్లాడే పిల్ల. ఆ పిల్లని సముద్రమ్మ కొడుకు మబ్బన్నకిచ్చి పెళ్ళి చేశారు. చిట్టేరు కొండ దిగి కాపురానికొచ్చింది.

వచ్చిందన్న మాటేగానీ మనసంతా పుట్టింట్లోనే. "ఏవండీ, మా ఊళ్ళో వలిసెలు పూస్తే లోయంతా పసుపు ఆరబోసినట్టుంటుందండీ. ఏవండీ, మా ఊళ్ళో పనసపండు కోస్తే మూడు వీధులకి వాసనొస్తుందండీ." పొద్దున్నుంచీ ఇదే వరస. నవ్వకండి, మీ అమ్మా అంతే. పెళ్ళైన కొత్తలో నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఒకరోజు మబ్బన్నకి విసుగొచ్చింది. "చాల్లేవే! మీ ఊరు నేను చూడలేదా ఏంటి? రోజూ దాని మీంచే పోతాను. నాలుగు రాళ్ళు, నాలుగు చెట్లు. అంతేగా!"

చిట్టేరు నోరు ఠక్కున మూతపడింది. మళ్ళీ ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

అంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడళ్ళు పుట్టింటికి వెళ్ళే నెల కదా. చిట్టేరు మూట సర్దుకుని, వెళ్తూ వెళ్తూ అంది: "పైనుంచి చూస్తే చూసినట్టు కాదండీ. దగ్గరికొచ్చి చూసి, మా ఊరు ఎలా ఉందో అప్పుడు చెప్పండి. అప్పటిదాకా నేను రాను."

మబ్బన్న నాలుగు రోజులు బింకంగానే ఉన్నాడు. ఐదో రోజుకి అన్నం సయించలేదు. "అమ్మా, వెళ్ళి దాన్ని తీసుకొస్తాను" అని బయల్దేరాడు. "ఒరేయ్, ఆషాఢంరా!" అని సముద్రమ్మ అరిచింది. వింటేగా!

కొండ మొదట్లోనే అడవమ్మ కొమ్మలు అడ్డంపెట్టి ఆపింది. "అయ్యో అల్లుడుగారూ, ఆగండాగండి! ఆషాఢంలో అల్లుడు అత్తారి గడప తొక్కకూడదు. మా నేల మీద కాలు పెట్టకండి బాబూ!"

"కాలు పెట్టనత్తా. ఇక్కడే గాల్లో ఉంటాను. చిట్టిని ఒక్కసారి..."

"హవ్వ! చూడకూడదు కూడాను!" అని అడవమ్మ కూతుర్ని చెట్ల చాటున దాచేసింది.

ఏం చేస్తాడు? కొండయ్య నడుం దగ్గర వేలాడుతూ ఉండిపోయాడు. అప్పుడు చూశాడు, దగ్గరగా. రాళ్ళ మీద మెత్తటి పచ్చ నాచు. రాతి పగుళ్ళలో చీమకి గొడుగంత ఊదా పూలు. చెట్లని చుట్టుకుని పైకెక్కే మిరియాల తీగలు. మెట్లు మెట్లుగా చేలు, ఆ చేలల్లో పాడుకుంటూ సామలు చల్లే ఆడవాళ్ళు. ఎంత చూసినా తనివి తీరలేదు.

అడవమ్మకేమో ప్రాణం ఒప్పలేదు. ఇంటికొచ్చిన అల్లుడు ఆకలితో ఉండటమా! గడప బయటికే అన్నీ అందించింది. పనస తొనలు, వెదురు కొమ్ముల కూర, పుట్టతేనె. "ఇంకొక్కటి బాబూ, మొహమాటపడకండి." తిన్నాడు, తిన్నాడు, బరువెక్కాడు. బరువెక్కి మెల్లగా కిందికి దిగిపోతున్నాడు! నేలకి జానెడు దూరంలో ఉన్నాడు.

"గడప! గడప!" అని అడవమ్మ గుండెలు బాదుకుంది.

"అల్లుడూ, గాలిని పిలుస్తాను, ఎత్తుకుపోతుంది. వెళ్ళిపో" అన్నాడు కొండయ్య.

"చిట్టితో ఒక్క మాట చెప్పకుండా వెళ్ళను మావయ్యా."

"అయితే బరువు దించుకోవాలి. కానీ జాగ్రత్త, మొత్తం కురిసేస్తే నువ్వు మిగలవు!"

మబ్బన్న చెట్ల చాటుకి వినబడేలా కేకేశాడు. "చిట్టీ! ఆ రోజు నోరు జారాను. మీ ఊరు ఎంత బాగుందే! ఇంత చల్లటి ఊరిని వదిలి నాకోసం వచ్చావా నువ్వు?" ఆ మాటతో అతని కళ్ళు నిండిపోయాయి. కురిశాడు. ఆఖరి చుక్క దాకా కురిశాడు. కాలు మాత్రం నేల మీద పెట్టలేదు.

మబ్బు ఉన్నచోట ఏమీ లేదు.

అడవమ్మ మాత్రం ఒక్క చుక్క నేలపాలు కానివ్వలేదు. ఆకులతో పట్టి, ఆకు నుంచి ఆకుకి అందించి, కూతురి ఒళ్ళో పోసింది. చిట్టేరు గట్లు ఒరుసుకునేంత నిండింది. "అమ్మా, ఈయన్ని సముద్రంలో దించితే మళ్ళీ లేస్తారు. నేను తీసుకెళ్తానే!"

"ఆషాఢంలో ఇద్దరూ ఒకచోట ఎలాగే?" అని కొండయ్య నసిగాడు.

అడవమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇంట్లో ఉంటే తప్పుగానీ, దారిలో ఉంటే తప్పేంటి? దారికి ఆషాఢం లేదు. వెళ్ళు తల్లీ!" అని ఎర్రమట్టీ, పూలూ, పుల్లలూ, చేతికందినంత సారె పోసింది. చిట్టేరు మొగుణ్ణి పొదివి పట్టుకుని కొండ మీంచి ఒక్క దూకు దూకింది.

అప్పటినుంచే ఆషాఢం వస్తే మబ్బులు కొండల నడుం దగ్గర ఆగుతాయి. నేల తాకవు, వదిలిపోనూ పోవు, అక్కడే కురుస్తాయి. అప్పటినుంచే కొండవాగులు వానాకాలంలో ఎర్రగా, పూలూ పుల్లలూ మోసుకుంటూ పరిగెడతాయి. ఎవరు పిలిచినా ఆగవు. ఆగితే మొగుణ్ణి నేల తాగేస్తుందని భయం.