కొండను కప్పేసిన రేగులా

కాస్త దగ్గరగా జరగండి తల్లులారా, తండ్రులారా. మా గురువుగారు శేషాచలంగారికి ఒక అలవాటుండేది. ప్రశ్న అడిగినవాణ్ణి ముందు కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించేవారు. వాడు తాగేలోగా జవాబు ఏదో ఒక ఊరి నుంచి నడిచి వచ్చేది.

ఒకనాడు పరాంకుశం అనే శిష్యుడు ఆశ్రమం గోడమీది స్విట్జర్లాండు క్యాలెండరు చూపించాడు. "ఎంత కొండ, ఎంత మంచు! మనిషన్నవాడే లేడు. దేవుడి ముందు మనమూ ఇలా లేకుండా పోవడమే కదండీ భక్తి?"

గురువుగారు అందుకున్నారు. ఆ దేశంలో రేగులా అని ఒక చిత్రకారిణి ఉండేదట. కొండమీది హోటలు యజమాని హాలులోకి పెద్ద బొమ్మ వేయమన్నాడు. అది నచ్చితే ఆమె కుంచె పట్టుకుని బతకొచ్చు. నచ్చకపోతే చలికాలమంతా అదే హోటల్లో దుప్పట్లు ఉతకాలి. వేసింది. ఆకాశాన్నంటే మంచుకొండ, దాని కింద వేలెడంత పశువుల కాపరి. అక్కడి కాపరులకు ఒక ఆచారం ఉంది చూశారూ, పొద్దువాలగానే పాలు వడపోసే పెద్ద చెక్క గరాటును నోటికి ఆనించుకుని, పశువుల్నీ మనుషుల్నీ కాపాడమని కొండకేసి దేవుణ్ణి ఎలుగెత్తి పిలుస్తారు. ఎంత చక్కటి సంధ్యావందనమో! ఆమె వేసింది ఆ పిలుపునే.

యజమాని వచ్చి చూశాడు. "కొండ అద్భుతంగా ఉందమ్మా. మధ్యలో ఈ పేడకాళ్ళవాడు దేనికి? మా అతిథులు అంత దూరం నుంచి వచ్చేది వీడి ముఖం చూడ్డానికా? తీసెయ్."

"కొండా, కాపరీ ఇద్దరూ ఉండకూడదంటారా?"

"కూడదు. ఒక్కటే ఉండాలి."

"సరే, తమరి మాటే కానివ్వండి."

రేగులా తెల్లరంగులో కాస్త బూడిదరంగు కలిపింది. ఆయన చూస్తుండగానే శిఖరం నుంచి కిందిదాకా పొగమంచు దించేసింది. గరాటు పట్టుకున్న కాపరి ఒక్కడే మిగిలాడు.

యజమాని లబోదిబోమన్నాడు. "నా కొండ! కొండేదీ?"

"ఎక్కడికి పోతుందండీ, మంచు వెనకే ఉంది. వాడు ఎవరిని పిలుస్తున్నాడనుకున్నారు?"

ఆ బొమ్మ హాలు గోడ ఎక్కనే లేదు. రేగులా ఆ చలికాలం చన్నీళ్ళలో దుప్పట్లు ఉతికింది. తలెత్తుకునే ఉతికింది.

పరాంకుశం మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. నెమ్మదిగా అడిగాడు. "అయితే గురువుగారూ, నన్నేం చెయ్యమంటారు?"

"ముందు గొంతు సవరించుకో నాయనా, పిలవాలిగా."