రెండు పొయ్యిల ఇల్లు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదర్రా, ఎప్పటి మాటో. ఒక ఊళ్ళో మంగతాయని ఒక కోడలుండేది. మహా తెలివైంది. తెలివైన కోడళ్ళంటే మీకు ఇష్టం కదా, వినండి మరి, ఆ తెలివి ఆవిడకి ఎంత తలవంపులు తెచ్చిందో.

ఆ ఇంట్లో మంగతాయి, ఆమె మొగుడు, మరిది, తోడికోడలు పేరిందేవి, మావగారు గవరయ్య. అందరిదీ ఒకే పొయ్యి, ఒకే కుండ. ఆ ఏడు ముసురు పట్టింది చూడూ, వదిలితే ఒట్టు. వానకి కట్టె తడిసె, కట్టె తడిసి పొయ్యి ఆరె, పొయ్యి ఆరి కుండ చల్లబడె, కుండ చల్లబడి ఊరంతా పస్తుండె. ఊ కొడుతున్నారా? ఏమే, ఆ కాలు వాడి మీంచి తియ్యి.

రాజుకి జాలేసింది. మంచివాడే పాపం, కాకపోతే కోట దిగేవాడు కాదు. కోటలో పొడి కట్టెలు గుట్టలుగా ఉన్నాయని, పొయ్యికో బండెడు చొప్పున నెలనెలా ఇస్తామని చాటింపు వేయించాడు.

మనిషికి కాదు, ఇంటికి కాదు, పొయ్యికి. ఆ మాట చెవిన పడిందో లేదో, మంగతాయి బుర్ర చకచకా పనిచేసింది. వెనక వసారాలో ఇంకో పొయ్యి వేస్తే ఇంకో బండి వస్తుంది కదా అంది. ఉత్తుత్తి వేరుకాపురమే, వానలు వెలిసేదాకానే అంది. అందరూ నవ్వుకున్నారు. గవరయ్య అయితే సంబరపడి, కొత్త పొయ్యికి మట్టి తనే తొక్కి ఇచ్చాడు. రెండు బళ్ళూ రానే వచ్చాయి. వీళ్ళని చూసి పక్కింటివాళ్ళు, పక్కింటిని చూసి ఎదురింటివాళ్ళు, ఎదురింటిని చూసి వెనకింటివాళ్ళు, ఊరంతా వేరుపడిపోయింది. కోట మీంచి చూస్తే పొగే పొగ. నా రాజ్యంలో కాపురాలు రెట్టింపయ్యాయని రాజు తెగ మురిసిపోయాడు. నవ్వకండర్రా, అసలు సంగతి ముందుంది.

ఉత్తుత్తి వేరు ఎన్నాళ్ళని ఉత్తుత్తిగా ఉంటుంది? నీ బండి, నా బండి అన్నారు. బండి తర్వాత ఉప్పు, ఉప్పు తర్వాత చింతపండు, చింతపండు తర్వాత బియ్యం. అన్నీ పంచుకున్నారు గానీ గవరయ్య ఎవరి వంతో అనుకోలేదు. మావగారు అటు తిన్నారులే అనుకునేది మంగతాయి. ఇటు తిన్నారులే అనుకునేది పేరిందేవి. ఆయన నోరు తెరిచి అడిగే మనిషా? పిలిస్తే తినేవాడు, పిలవకపోతే కండువా నడుముకి బిగించుకుని పడుకునేవాడు.

ఒకరోజు రాజే కోట దిగి వచ్చాడు. ఊళ్ళో కాపురాలు పెరగడానికి దారి చూపిన కోడలికి శాలువా కప్పుతాడట. మంగతాయి ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని నిలబడింది. వాకిలి నిండా జనం. రాజు ముచ్చటపడి గవరయ్యని పలకరించాడు. రెండు పొయ్యిలున్న ఇల్లు నీది, ఏ పొయ్యి దగ్గర తింటావు తాతా అని అడిగాడు.

"పొద్దున పెద్దకోడలు పెడుతుంది, రాత్రి చిన్నకోడలు పెడుతుంది మహారాజా. నాకేం లోటు" అన్నాడాయన.

ఆ మాటకి మంగతాయి మనసులో లెక్క చూసుకుంది. పొద్దున తను పెట్టలేదు. నిన్నా పెట్టలేదు. అటు తిని ఉంటారనుకుంది. తోడికోడలి వంక చూస్తే, పేరిందేవి అప్పటికే తల దించేసుకుంది. రెండు పొయ్యిలు మండే ఇంట్లో ముసలాయన పస్తున్నాడు, పైగా కోడళ్ళ పరువు కాయడానికి నలుగురిలో అబద్ధమాడుతున్నాడు. మంగతాయి సిగ్గుతో చచ్చిపోయింది. కిమ్మనకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. శాలువా భుజం దాకా వచ్చింది కూడాను.

"నాకొద్దు మహారాజా" అంది. "మా మావగారు నిన్నట్నించీ ఏ పొయ్యి దగ్గరా తినలేదు. నేను పెట్టలేదు. తిన్నారా అని అడగనైనా లేదు."

వాకిట్లో జనం ఒక్కొక్కరే తమ ఇళ్ళవైపు చూశారు. ఎవరి ఇంట్లో ముసలాళ్ళు వాళ్ళకి గుర్తొచ్చి ఉంటారు. రాజు ముఖం చిన్నబోయింది. పొగ చూసి మురిశాను గానీ ఎవరి కంచంలో ఏముందో చూడలేదే అనుకున్నాడు. ఇకనుంచి పొయ్యికి కాదు, తినే మనిషికింత అని చెప్పి, తల దించుకునే వెళ్ళిపోయాడు.

అప్పుడు చూడాలి, మూలనున్న ముసలాళ్ళకి ఎక్కడలేని గిరాకీ! మా ఇంట్లో తినండంటే మా ఇంట్లో తినండని లాక్కోవడమే. అది చూసి మంగతాయికి ఇంకా సిగ్గేసింది. తను పిలిచినా కట్టెల కోసమే అనుకుంటారేమో మావగారు. ఆ పూటే తోడికోడళ్ళిద్దరూ వసారాలో పొయ్యి పడగొట్టారు. పాత పొయ్యికే పక్కన ఇంకో కన్ను తవ్వి, ఒకే మంట మీద అన్నం, పప్పుచారు రెండూ ఉడికేలా చేశారు. కట్టెలు సగం మిగిలాయి. ఆయన కాళ్ళకి నీళ్ళిచ్చి, ముందుగా ఆయనకే వడ్డించారు.

గవరయ్య ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"మీరిద్దరూ తిన్నారా అమ్మా?" అన్నాడు.

మంగతాయికి దుఃఖం ఆగలేదు. ఆకలితో ఉన్న మనిషి అడిగాడర్రా ఆ మాట, కడుపు నిండిన తను అడగలేకపోయింది. ఆయన ఊరుకోక, కొడుకుల్నీ కోడళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకుని తిన్నాడు. అప్పట్నించీ అందరూ ఒకే చోట హాయిగా ఉన్నారు. తిన్నారులే అనుకోకూడదమ్మా, వెళ్ళి అడగాలి.

ఇంక కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.