పైవాడు

దండాసి గురువుకు ఒక అలవాటుంది. నీళ్లలోకి దిగే ముందు తల తిప్పి, "పైవోడున్నాడా?" అని అడుగుతాడు. "ఉన్నాడు" అని జవాబొస్తేనే దిగుతాడు. రాకపోతే బల్లెం తెప్పలో పడేసి, తీరిగ్గా బీడీ ముట్టించుకుంటాడు. ముత్తేలపాలెం బడికి బదిలీ మీద వచ్చిన కొత్తలో నేనది దైవభక్తి అనుకున్నాను. సముద్రం మీద బతికే మనిషి దేవుణ్ణి తలుచుకోకుండా ఎలా దిగుతాడని మురిసిపోయి, నేను కూడా తెప్పలో చేతులు జోడించి, "ఉన్నాడు, ఉన్నాడు" అనేవాణ్ణి. ఆయన నావంక అదోలా చూసి ఊరుకునేవాడు. నెల తిరిగాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఒకడు బల్లెంతో కిందికి దిగితే, రెండోవాడు నీళ్లమీద బోర్లా తేలుతూ, మొహం నీళ్లలో పెట్టి, దిగినవాడు తిరిగి వచ్చేదాకా చూపు మరల్చకుండా కనిపెట్టుకుని ఉండాలి. ఆ రెండోవాడే పైవాడు. నాకు ఈత రాదు కాబట్టి ఆ పదవి నాకెప్పుడూ దక్కలేదు. తెప్పలో కూర్చుని తెడ్డు పట్టుకోవడం నా వంతు.

గాలి సిలిండర్లవీ లేకుండా ఒక్క ఊపిరి మీద దిగి, రాతి సందుల్లో కాపురముండే చేపను బల్లెంతో పొడిచి తేవడం దండాసి విద్య. అది నేర్చుకుందామని వచ్చినవాడు పరశి. ఇరవై ఆరేళ్లవాడు, పెళ్లైనవాడు, చుట్టుపక్కల పది ఊళ్లలో పేరున్న చెడుగుడు ఆటగాడు. వాడు కూత పెట్టి గీత దాటాడంటే అవతలి జట్టు వాళ్లకు విసుగు పుట్టాల్సిందే తప్ప వాడి కూత తెగదు. ఆటకు ముందు గీత దగ్గర నిలబడి, కొలిమి తిత్తిలా పది పదిహేనుసార్లు గట్టిగా ఊపిరి లాగి వదలడం వాడి పద్ధతి. సముద్రం దగ్గర కూడా మొదటిరోజే అలా మొదలుపెట్టాడు. గురువు వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఆ ఊదుడు ఇక్కడొద్దు. అలా ఊదితే, ఊపిరి కావాలని ఒళ్లు అడగడం మానేస్తాది" అన్నాడు. పరశి తల ఊపాడు గానీ, చెవికెక్కించుకున్నట్టు నాకు తోచలేదు.

ఫాల్గుణం వస్తే మా తీరాన అడుగునీరు పైకి లేస్తుంది. నడినెత్తిన ఎండ మాడుస్తున్నా, రెండు బారలు దిగితే చాలు, ఎముకలు కొరికే చలి. ఆ చలినీటి వెంటే లోతుల్లో తిరిగే పెద్ద చేపలు ఒడ్డు బండల దాకా వస్తాయి. ఇరవై రోజులు, మహా అయితే పాతిక. తరువాత నీళ్లు వెచ్చబడతాయి, చేపలు వెళ్లిపోతాయి, మళ్లీ ఏడాది ఆగాలి. ఆ ఇరవై రోజుల్లో పద్నాలుగు గడిచినా గురువు పరశి చేతికి బల్లెం ఇవ్వలేదు. పొద్దున్నే బోర్లా తేలడం, చలికి పళ్లు టకటకలాడుతుంటే గురువు కాళ్లనే చూస్తూ ఉండడం, తేలిగ్గా మునగడానికి నడుముకు కట్టిన సీసం బిళ్లల పట్టీని కళ్లు మూసుకుని ఒంటిచేత్తో విప్పడం, ఇంతే వాడి చదువు. పక్క ఊళ్లో వాడి బావమరిది ఆ వారంలోనే పసిపిల్లంత చేపను పొడిచి, దాన్ని ఎత్తుకుని ఫొటో తీయించుకున్నాడు. ఆ ఫొటో ఫోన్లో వచ్చినప్పటినుంచీ పరశికి తిండి సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు. తెప్పలో ఒక్కచోట కూర్చోలేడు, లేస్తాడు, కూర్చుంటాడు, తాడు చుడతాడు, చుట్టిన తాడు విప్పుతాడు. వాణ్ణి చూస్తుంటే నాకే ఒళ్లు కుదురుండేది కాదు.

పదిహేనో రోజు పొద్దున వాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువా, నలబై ఏళ్ల నుంచి దిగతన్నావు. నీకింకా పైన కాపెందుకు? ఎంత ఊపిరుంటే ఒంటిగా దిగొచ్చో ఆ లెక్క సెప్పు. అంత ఊపిరీ నేర్సుకుంటాను."

దండాసి నీళ్లలో కళ్లకు పెట్టుకునే అద్దంలో ఉమ్మి, వేలితో రుద్ది, సముద్రపు నీళ్లతో కడిగి మొహానికి తగిలించుకున్నాడు. తెల్ల ప్లాస్టిక్ డబ్బాను తాడుతో నీళ్లలోకి వదిలాడు. అది తేలుతుంటే దాన్ని పట్టుకుని అలుపు తీర్చుకుంటారు. ఆయన తెప్ప అంచుకు జరిగి, తల తిప్పి, ఎప్పటిలాగే అడిగాడు.

"పైవోడున్నాడా?"

"ఉన్నాడు" అన్నాడు పరశి, పెళ్లిలో మూల కూర్చోబెట్టిన బంధువులా.

ఆయన దిగాడు. పరశి కూడా నీళ్లలోకి జారి, మొహం నీళ్లలో పెట్టి తేలుతున్నాడు. గాలి పెరిగింది, తెప్ప ఒకటే ఊగుతోంది. కొంతసేపటికి గురువు పైకొచ్చాడు. చేతిలో బల్లెం లేదు. డబ్బా పట్టుకుని, గుండె నిండా రెండు మూడు సార్లు ఊపిరి పీల్చుకుని చెప్పాడు. పెద్ద చేప. బల్లెం దిగింది. అది బల్లెంతో సహా రాతి సందులోకి దూరి, మొప్పలు విప్పి బిగుసుకుపోయింది. లాగితే రాలేదు.

"వదిలేసినావా!" పరశి అద్దం నుదుటిమీదికి తోసి అరిచాడు. "నాను పైనుంచి లెక్కెట్టినాను గురువా. నీకింకా సగం ఊపిరుంది!"

"ఉంది. అందుకే పైకొచ్చినాను" అన్నాడు దండాసి. "కొంచెం అలుపు తీరనీ. మళ్లీ ఎల్తాను."

ఆయన అద్దంలో చేరిన నీళ్లు వంపుకోవడానికి తల అటు తిప్పాడు. పరశి నోరు తెరిచి గబగబా ఊదడం నేను చూశాను. పది, పన్నెండు, పదిహేను. గురువు వద్దన్న ఊదుడే అది. "ఒరే పరశీ" అని నేను అనేలోపు వాడి కాళ్లు గాల్లోకి లేచి, నీళ్లలోకి మాయమయ్యాయి. గీత అవతల చేప ఉంది, గీత ఇవతల డబ్బా ఉంది, తిరిగి వచ్చేదాకా కూత తెగకూడదు, అంతే వాడికి తెలిసింది. ఆటలో కూత తెగితే బతికి బరి బయట కూర్చుంటారు. ఈ తేడా వాడికి తట్టలేదు.

గురువు వెనక్కి తిరిగి చూశాడు. వెంటనే మొహం నీళ్లలో పెట్టి బోర్లా తేలాడు.

ఆయన వీపు మాత్రమే నాకు కనబడుతోంది. ఎంతసేపో తెలియదు. నేను లెక్కపెట్టలేదు, నాకా తెలివి లేకపోయింది. ఉన్నట్టుండి ఆ వీపు వంగింది, కాళ్లు లేచాయి, ఆయన కూడా మునిగిపోయాడు. ఊపిరి కూడదీసుకోవడానికి ఆగలేదు. నీళ్లమీద డబ్బా ఒక్కటే మిగిలింది. చుట్టూ ఎవరూ లేరు. ఈత రాని నేను తెడ్డును రెండు చేతులా పట్టుకుని, ఆ తెల్ల డబ్బానే చూస్తూ కూర్చున్నాను. ఒడ్డున పరశి పెళ్లాం గుమ్మంలో కూర్చుని ఉంటుందని, ఆమెకు నేనేం చెప్పాలని, అదొక్కటే నా బుర్రలో తిరిగింది.

నీళ్లు చీల్చుకుని రెండు తలలు లేచాయి. పరశి నడుముకు సీసం పట్టీ లేదు, పెదవులు నీలంగా ఉన్నాయి, కళ్లు సగం తెరుచుకుని ఎటో చూస్తున్నాయి. గురువు వాడి గడ్డం పైకెత్తి పట్టుకుని, అద్దం లాగేసి, మొహం మీద ఊదుతూ, చెంపల మీద తడుతూ, "ఊపిరి తియ్యి పరశీ, ఊపిరి తియ్యి" అన్నాడు. మూడోసారికి వాడి గొంతులో కీచుమని చప్పుడయింది. తరువాత దగ్గు, తరువాత ఊపిరి. నాకు ఏడుపొచ్చేసింది. చంకల కింద చేతులు వేసి వాణ్ణి తెప్పలోకి ఈడ్చాను. గురువు మాత్రం వెంటనే ఎక్కలేకపోయాడు. అంచు పట్టుకుని వేలాడుతూ, కళ్లు గట్టిగా మూసుకుని, "మేస్టారూ, తెప్ప గిర్రున తిరిగిపోతందేటి?" అని అడిగాడు. తెప్ప తిరగడం లేదు. చలికి తల తిరుగుతోందేమో అనుకుని ఆయనకు చెయ్యి అందించాను.

పావుగంటకు పరశి తువ్వాలు కప్పుకుని లేచి కూర్చున్నాడు. వాడు మొదట అడిగిన మాట, "నా సేపేది?"

"బల్లెం ఊడదీసినాను గురువా" అన్నాడు వాడు. "సేపతోటే పైకొచ్చీసినాను. ఊపిరి ఆడనట్టే నేదు, ఒళ్లంతా ఎచ్చగా, హాయిగా ఉంది. కూత తెగనేదు. డబ్బా కనబడింది, ఎండ కనబడింది. సెయ్యి సాపి డబ్బా అందుకుంటంటే నువ్వు అడ్డమొచ్చి గెడ్డం పట్టుకున్నావు. నీ మూలంగా జారిపోనాది."

వాడు అబద్ధమాడడం లేదు. నాకు భయమేసింది అందుకే. స్పృహ తప్పింది ఎక్కడో, తిరిగొచ్చింది ఎక్కడో, ఆ మధ్యలో జరిగినదంతా వాడి లెక్కలో లేనే లేదు. రెండు చివరలనూ తెచ్చి అతుకు తెలియకుండా కుట్టేసుకున్నాడు. నాకు ఒళ్లు మండి, జరిగిందంతా చెప్పి వాణ్ణి కడిగేద్దామని నోరు తెరిచాను. గురువు నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. నోరు మూసుకుని తెడ్డు వేశాను.

దారి పొడుగునా పరశి ఆగలేదు. చేప ఎంత పొడుగుందో చేతులు చాపి చూపించాడు, గురువు తొందరపడకపోతే ఈపాటికి ఊరంతా రేవుకొచ్చి చూసేదన్నాడు. ఆయన రెండుసార్లు, "ఆఁ? ఏటన్నావు?" అని తల తిప్పి, రెండో చెవి వాడివైపు పెట్టాడు. మూడోసారి తిప్పినప్పుడు వాడి మాట మధ్యలో ఆగిపోయింది.

గురువు ఎడమ చెవిలోంచి నెత్తురు సన్నగా మెడ మీదికి కారి, తడి బనీను అంచున ఇంకుతోంది.

దిగేటప్పుడు బార బారకీ ఆగి, ముక్కు పట్టుకుని చెవులు సర్దుకోవాలి. ఆగకుండా తలకిందులుగా దూసుకుపోతే, లోతు చెవిని పగలగొడుతుంది. అది నాకన్నా పరశికి బాగా తెలుసు. నీళ్లమీద డబ్బా పక్కన మనిషి గడ్డం పట్టుకున్నవాడికి చెవి పగలదు. వాడు ఆ నెత్తురును చూశాడు. ఖాళీగా ఉన్న తన నడుమును తడుముకున్నాడు. విప్పిన గుర్తు లేని పట్టీ అక్కడ లేదు. పొద్దుటినుంచీ ఒక్క క్షణం కుదురుగా లేనివాడు అప్పుడు కదలకుండా కూర్చుండిపోయాడు.

"గురువా, నాను... ఎంత లోతుకాడున్నాను?" అన్నాడు.

దండాసి ఒడ్డుకేసి చూస్తున్నాడు. రేవు దగ్గరపడుతోంది. ఆయన మెడను అరచేత్తో తుడుచుకుని, చేతిని నీళ్లలో ముంచి కడుక్కున్నాడు.

"ఈ ఏడు సలినీరు ఇంక నాకు నేదు. సెవి మానాల" అన్నాడు. "వచ్చే ఏడు దిగతాను. అప్పుడు పైన నువ్వుండు."