మణికట్టు పట్టీ

భానోజీరావు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న వేసినా ఆ రోజు జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి, తెల్లకోటు అంచుతో తుడుచుకుని, "చూద్దాం" అనేవారు. అడిగినవాళ్ళు ఆ సంగతి మరిచిపోయాక ఏ బుధవారమో పిలిచి ఏదో ఒకటి చూపించేవారు. ఆ చూపించినదే జవాబు. అర్థమైందా అని అడిగే అలవాటు మాత్రం ఆయనకు లేదు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊరి వైద్య కళాశాలలో ముప్పై నాలుగేళ్ళు శరీర నిర్మాణం పాఠం చెప్పి, మోకాలిలో మృదులాస్థి అరిగిపోయి, చేతికర్ర పట్టుకుని నడిచే మనిషి. "మధ్యలో ఉన్న మెత్త పోయింది. ఇప్పుడు ఎముకా ఎముకా నేరుగా తిట్టుకుంటున్నాయి" అని తన మోకాలి గురించి తానే చెప్పుకునేవారు.

ఆయన దగ్గర చదువుకుని, ఆయన కిందే పదకొండేళ్ళుగా పనిచేస్తున్న కాత్యాయని ఒక శుక్రవారం పొద్దున్న ఆయన గదిలోకి వచ్చి, మడిచిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టి నిలబడింది. అది రాజీనామా. అంతకు ముందే మొదటి సంవత్సరం పిల్లలకు సంయోజక కణజాలం పాఠం చెప్పి వచ్చింది. పదకొండేళ్ళుగా ఆ పాఠం ఆమెదే. గుండె గురించి చెప్పడానికి ఒక పెద్దాయన ఉన్నారు, మెదడు గురించి చెప్పడానికి ఇంకో పెద్దాయన ఉన్నారు. ఆ రెండు పాఠాలకూ గది కిటకిటలాడుతుంది. వాటన్నిటినీ కలిపి కట్టి ఉంచే సరుకు మాత్రం ఎప్పుడూ చిన్నవాళ్ళ వంతుకే వస్తుంది. చర్మం కింద సాలెగూడులా పరుచుకుని ఉండే వదులు పొర, ఆకలి రోజుకని దాచిపెట్టి దెబ్బ తగిలితే పరుపులా కాచే కొవ్వు, కండను ఎముకకు కట్టే స్నాయువు, ఎముకను ఎముకకు కట్టే బంధనం, చెవిలో వంచితే వంగి మళ్ళీ నిలబడే మృదులాస్థి, ఇవే కాక ఎముకా నెత్తురూ కూడా ఆ కుటుంబంలోవేనని చెప్పేసరికి గంట అయిపోయింది. నెత్తురు దేన్ని కలుపుతుందని ఒకడు అడిగాడు. "అన్నిటినీ" అంది. వెనక బెంచీలోంచి ఇంకొకడు లేచి, "మేడమ్, ఇది పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుంది?" అన్నాడు. "ఐదు" అంది. గదంతా పుస్తకాలు మూసుకున్న చప్పుడయింది.

"సార్, కండ లాగుతుంది, నరం కబురు మోస్తుంది, ఎవరి పని వాళ్ళకు కనిపిస్తుంది. మధ్యలో ఉండి పట్టుకునేదానికి అలుపు ఉండదా? ఎంతకాలం పట్టుకోవాలి?" అని అడిగింది కాత్యాయని.

అడుగుతున్నది ఐదు మార్కుల పాఠం గురించి కాదని ఇద్దరికీ తెలుసు. గుండె పాఠం ఆయనకూ మెదడు పాఠం ఆయనకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఇద్దరికీ కలిపి ఒకే పాఠాల గది, దానికి ఒకే తాళంచెవి. ఒకాయన అన్నది తిట్టు తీసేసి ఇంకొకాయనకు చేర్చడం, పిల్లల సెలవు చీటీలు, మార్చురీ నుంచి రావలసిన కాగితాలు, ఫార్మలిన్ డబ్బాలు, పరీక్షలకు వచ్చే బయటి ఆచార్యులకు భోజనాల ఏర్పాటు, అన్నీ కాత్యాయనే చూసుకునేది. ఇంటికి చేరేసరికి ఆమెకు ఎవరితోనూ మాట్లాడాలని ఉండేది కాదు. పలకరిస్తే చాలు, ఎవరికో ఏదో చెప్పమంటారేమోనని భయం.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూద్దాం. సోమవారం పదింటికి కోతల హాల్లోకి రా" అని కాగితాన్ని సొరుగులో పెట్టారు. అంతలో ఫోను మోగింది. గుండె పాఠం ఆయనే. తాళంచెవి మెదడు పాఠం ఆయన జేబులో ఉండిపోయిందట. మాస్టారు ఫోను చేత్తో మూసి, "కాస్త చూసి రామ్మా" అన్నారు, అలవాటుగా. ఆమె వెళ్ళింది, అలవాటుగానే.

పిల్లలు శవాలను కోసి నేర్చుకునే ఆ హాలు ఒకప్పుడు ఉప్పు గోదాము. గోడల్లోంచి ఉప్పు ఇంకా ఊరుతూ ఉండేది. దేహాలు చెడిపోకుండా పట్టించే ఫార్మలిన్ ఘాటుకు కొత్త పిల్లలకు కళ్ళ నీళ్ళు కారేవి. అది ఏడుపని ఎక్కడ అనుకుంటారోనని సిగ్గుపడేవారు. మూడో వారానికి వాళ్ళే అక్కడ నిలబడి మధ్యాహ్నం ఏం తినాలో మాట్లాడుకునేవారు. సరే, అది వేరే సంగతి. ఆ హాల్లో మాస్టారు పెట్టిన ఆచారం ఒకటి ఉంది. ప్రతి బల్ల పక్కనా ఒక బకెట్టు, దాని మీద అటెండరు పోలయ్య పెయింటుతో రాసిన అంకె. పిల్లలు కోతలో గోకి తీసిన కొవ్వూ, పొరా, పీచూ ఏ బల్లది ఆ బకెట్టులోనే పడాలి. ఏడాది చివర ఆ దేహంతో పాటు అదీ మట్టిలోకి వెళ్ళాలి. "వచ్చినవాడు వచ్చినంతా వెళ్ళాలి" అనేవారు మాస్టారు. పిల్లలు మాత్రం దాన్ని చెత్త బకెట్టు అనేవారు.

సోమవారం పదింటికి మాస్టారు కాత్యాయనిని వెంటబెట్టుకుని వచ్చి రెండో బల్ల దగ్గర ఆగారు. అక్కడ శరభరాజు అనే కుర్రాడు మ్యూజియం జాడీ కోసం ఒక ముంజేతిని తయారుచేశాడు. ఆ తరగతిలో వాడి చేతికి మించిన చెయ్యి లేదు. కొవ్వు లేదు, పొర లేదు, పుస్తకంలో అచ్చు వేసిన బొమ్మలా ఏ కండకు ఆ కండ విడిగా మెరుస్తోంది.

"చెత్తంతా తీసేశాను సార్" అన్నాడు గర్వంగా.

బకెట్టు పక్కనున్న పోలయ్య ఊరుకోలేకపోయాడు. "సెత్తేటి బాబూ? అదీ ఈ బల్ల మీదున్న పెద్దాయన ఒల్లే కదేటి. నువ్వు గోకీసినంత మాత్రాన సెత్తయిపోతాదా?"

పిల్లలు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ముందు నాలుగో బల్ల దగ్గరికి నడిచారు. అక్కడివాళ్ళు బద్ధకస్తులు, మోచెయ్యి కింద కాస్త తెరిచి ఆపేశారు, మణికట్టు ఇంకా ముట్టుకోలేదు. బిగుసుకున్న వేళ్ళను మెల్లగా వదులు చేయించి, "లాగు" అన్నారు. కాత్యాయని ముంజేతి కండను పట్టుకుని లాగింది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే అరచేతిలోకి ముడుచుకున్నాయి, దేన్నో అందుకోబోతున్నట్టు. దగ్గరున్న అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. తరువాత రెండో బల్ల. అక్కడ లాగేసరికి మణికట్టు దగ్గర స్నాయువులన్నీ వింటితాళ్ళలా పైకి లేచాయి. వేళ్ళు సగం వంగి ఆగిపోయాయి. ఇంకా గట్టిగా లాగితే తాళ్ళు ఇంకా పైకి లేచాయే తప్ప పిడికిలి మూసుకోలేదు.

"కండ ఉంది, స్నాయువు తెగలేదు, ఎముక బాగుంది. మరి ఏమైందయ్యా?" అన్నారు మాస్టారు. శరభరాజు ముంజేతి మీదికి వంగి చూశాడు. కాత్యాయని చూడగానే గ్రహించింది. "ఇక్కడ అడ్డంగా పట్టీ ఒకటి ఉండాలి. ఏది?"

"అడ్డంగా ఉందనే కోసేశాను మేడమ్. కింద ఉన్నవి కనిపించలేదు. శుక్రవారం మిమ్మల్ని అడుగుదామని గంటసేపు చూశాను. మీరు రాలేదు."

శుక్రవారం ఆ గంటసేపూ ఆమె తాళంచెవి కోసం రెండు గదుల మధ్య తిరుగుతోంది.  మాస్టారు కళ్ళజోడు తీశారు కానీ తుడుచుకోవడం మరిచిపోయి చేత్తో పట్టుకునే నిలబడ్డారు.

పోలయ్య బకెట్టులో వెతికి, రెండు వేళ్ళ వెడల్పున్న తెల్లటి ముక్క ఒకటి పైకి తీశాడు. అది ఏదో గొప్ప వస్తువులా ఏమీ లేదు. కాత్యాయని స్టూలు లాక్కుని కూర్చుని, రెండు అంచులనూ దారంతో కుట్టింది. ఈసారి లాగితే స్నాయువులు తమ చోట తాము ఒదిగి ఉన్నాయి. పిడికిలి మూసుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. శరభరాజు ఊపిరి పీల్చుకున్నాడు. "అందరూ ఒకసారి లాగి చూడండి" అన్నారు మాస్టారు. ఒకరి తరువాత ఒకరు లాగారు. పదిహేనో, పదహారో మనిషి లాగుతుండగా కాత్యాయని పట్టీ కిందికి వేలు పోనిచ్చి చూసి, "ఇంక చాలు సార్" అంది. వేలు సులువుగా దూరిపోయింది. కుట్లు కోసుకుపోయి పట్టీ సాగిపోయి ఉంది.

"ఎప్పటినుంచి సాగుతోంది?"

"మొదటిసారి నుంచే."

"ఎవరూ చూడలేదా?"

"పిడికిలి మూసుకుంటున్నంతసేపూ పట్టీని ఎవరు చూస్తారు సార్?" అంది ఆమె.

మాస్టారు గదికి నడిచారు, వెనకే ఆమె. కుర్చీలో కూలబడి, సొరుగులోంచి ఆమె కాగితం తీసి, విప్పకుండానే బల్ల మీద పెట్టారు. ఫోను మోగింది. మళ్ళీ తాళంచెవే. ఆమె అప్పటికే తలుపు వైపు ఒక అడుగు వేసింది. మాస్టారు చేతికర్రను గుమ్మానికి అడ్డంగా చాచి, రెండో చేత్తో కుర్చీ మీద బరువు మోపి లేచారు.

"ఈ పూట నేను వెళ్తాను. రేపూ నేనే. నువ్వు నలభై రోజులు సెలవు పెట్టు. ఈ కాగితం సంగతి ఆ తరువాత నువ్వే చెప్పు."

"సార్, ఆ మోకాలితో మెట్లెక్కి..."

"మోకాలు నొప్పని చెబుతోంది కదమ్మా. కండ కూడా అలిసిపోతే వణికి చెబుతుంది. పట్టీయే చెప్పదు." గుమ్మం దగ్గర ఆగి, కర్ర చెయ్యి మార్చుకున్నారు. "చెప్పలేదు కదా అని నేను లాగుతూనే ఉన్నాను."