చప్పట్ల సందు

బీరేశుకు రెండు అనే అంకె గిట్టదు. ఇడ్లీలు తింటే ఒకటి తినేవాడు, లేదంటే మూడు. రెండో ఆట సినిమాకు దేవుడే టికెట్టు కొనిచ్చినా వెళ్ళేవాడు కాదు. ఇంట్లో రెండో కొడుకుగా పుట్టించినందుకు కన్నతల్లితో పదేళ్ళు పోట్లాడి, "సరే తియ్, నువ్వే పెద్దోనివి అనుకో" అని ఆమె చేత అనిపించుకున్నాకే కడుపునిండా అన్నం తిన్నాడంటే చూసుకోండి.

అలాంటివాణ్ణి దేశం తరఫున రగ్బీ ఆడటానికి ఎంచుకున్నారు. రెండో జట్టులో.

జనగామ వైపు గొర్రెల వెంట పరుగెత్తి పెరిగిన కాళ్ళు అతనివి. పొద్దున బయలుదేరితే అతని నీడ వెనకబడిపోయి, రొప్పుకుంటూ మాపటికి ఇల్లు చేరేది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ బంతిని చంకన పెట్టుకుని అవతలి గీత దాటాడంటే, అడ్డం పడ్డవాళ్ళకు తాము ఎవరికి అడ్డం పడ్డారో మర్నాటి పేపర్లో తెలిసేది.

పోటీకి ఆరు దేశాలు వచ్చాయి. ఈ ఆటలో ఇప్పుడిప్పుడే ఎదుగుతున్న దేశాలు, అవి పంపిందీ రెండో జట్లనే. మొదటి జట్టులో చోటు దొరకనివాళ్ళు, రేపు దొరుకుతుందనుకునేవాళ్ళు, ఇక దొరకదని తెలిసినా బూట్లు విప్పలేనివాళ్ళు. ఒక్కొక్కడూ గుమ్మం పట్టడు. మెడ ఉండాల్సిన చోట కూడా భుజాలే. ఎక్కడో చలిదేశంలో, కొండల నడుమ ఊరు. ఆవులిస్తే ఆవిరి గడ్డకట్టి కాళ్ళ మీద పడేది. మైదానం చుట్టూ పదిహేడు వేల కుర్చీలు. చూడవచ్చింది పదకొండు మంది, ఒక కుక్క. ఆ పదకొండు మందిలో తొమ్మండుగురు బస్సు తప్పిపోయినవాళ్ళు.

జట్టుకు గురువు బావజీర్ ఉస్తాద్. హైదరాబాదు బార్కాస్‌లో తాలీం మట్టి పూసుకుని కుస్తీ నేర్చిన మనిషి. డెబ్బై దాటాయి. ఎడమకాలు ఈడ్చి నడుస్తాడు. ఒక్కో మాటకు సుంకం కట్టాలన్నట్టు మాట్లాడతాడు. వయసులో ఆయనా ఈ ఆట ఆడాడని అంటారు. ఏ జట్టులో అని ఎవరూ అడగలేదు.

రగ్బీలో ఒక మర్యాద ఉంది. ఆట అయిపోయాక గెలిచినవాళ్ళు ఎదురెదురుగా రెండు వరసలు కట్టి, మధ్యలో సందు విడుస్తారు. ఓడినవాళ్ళు తలలు వంచుకుని ఆ సందులోంచి నడిచి బయటికి పోతారు. ఇటునించీ అటునించీ చప్పట్లు కొట్టి వాళ్ళను సాగనంపాలి. అంతసేపూ వాళ్ళ పక్కటెముకలు విరిచిన చేతులే ఆ పని చెయ్యాలి.

నాలుగో ఆట గెలిచిన రోజు బీరేశు ఆ వరసలో నిలబడలేదు. మొదటి జట్టు కోసం మనుషుల్ని ఏరడానికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి ఉన్నారు. చివరి ఆట చూసి ఒక్కణ్ణి, ఒకే ఒక్కణ్ణి, తీసుకుంటామన్నారు. బీరేశు చేతులు కట్టుకుని వాళ్ళ కళ్ళబడేచోట నిలుచున్నాడు.

జట్టులో తెలుగు మాట్లాడే ఇంకొకడు అరకు కుర్రవాడు కొర్రా సుక్రు. అతను వరసలోంచి వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఏటి బీరేశూ, చేతులకి గోరింటాకెట్టుకున్నావా? కొడితే చెరిగిపోద్దనా?"

"ఓడినోళ్ళకు చప్పట్లేందిరా? అండ్ల రెండో జట్టోళ్ళకు."

"మనదేటి మరి?"

"మీది. నేను ఎల్లుండికెల్లి ఈడుండ."

సుక్రు బూటు తాళ్ళు విప్పుతూ ఆగాడు. "మనం కొట్టింది పద్నాలుగు మందిమే కదా. నాకేటి, ఊరంతా కొట్టినట్టు ఇనబడింది."

ఈ మాటలన్నీ ఉస్తాద్ విన్నాడు. గడ్డం గోక్కున్నాడు. "చివరి ఆట ఆడే పదిహేను మంది పేర్లు ఎల్లుండి పొద్దుగాల పదింటికి ఇయ్యాలె," అన్నాడు. "బీరేశూ, నువ్వు ఏడింటికి గ్రౌండు కాడికి రా. ఒక్కనివే."

ఆ పొద్దున పట్టిన మంచు మంచు కాదు. గరిటె గుచ్చితే నిలబడేది. కొండలు లేవు, కుర్చీలు లేవు, ఆకాశం ఏ వైపుందో గుర్తుపట్టాలంటే తుమ్మి చూడాలి. గోలు గుంజల కింద బోర్లించిన బకెట్టు మీద ఉస్తాద్ కూర్చుని ఉన్నాడు. చెవి మీద పెన్సిలు, ఒళ్ళో కాగితం. పద్నాలుగు పేర్లు రాసి ఉన్నాయి. బీరేశు ఆడే పద్నాలుగో నంబరు ముందు ఖాళీ.

బీరేశు ఆ ఖాళీ మీద వేలు పెట్టాడు. "నా పేరు రాయలే ఉస్తాద్?"

"ఈ గుంజల కాడికెల్లి ఆ గుంజల దాంక నడువు. రాస్త."

"గంతేనా?"

"గంతే."

"నూరు మీటర్లేనాయె. పదకొండు సెకన్లల్ల పోత."

"నడువుమన్న."

బీరేశు నడిచాడు. పది అడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే ఉస్తాద్ లేడు, గుంజలూ లేవు. గడ్డి మీద పేరుకున్న మంచు బూట్ల కింద పటపటమంది.

అప్పుడు ఎడమవైపు ఒక చప్పట. కొంచెం ఆగి కుడివైపు ఇంకొకటి.

"సుక్రూ, ఇగ చాలు తియ్," అన్నాడు బీరేశు.

చప్పట్లు పెరిగాయి. తడి బట్టలు బండకేసి బాదినట్టు, బరువుగా, తొందర లేకుండా. ముందు చేతులు కనిపించాయి. తర్వాత ఛాతీలు. ఇటొక వరస, అటొక వరస, మధ్యలో తాను. మెడల దగ్గర్నించి పైన అంతా మంచే. ఒక్క ముఖం లేదు. తొడుక్కున్న చొక్కాలు చూస్తే ఏ కాలానివో. కొన్ని ముతక ఉన్నివి, మెడ దగ్గర తాడుతో కట్టుకునేవి. కొన్నిటి రంగు ఏ దేశానిదో ఆ దేశమే మరిచిపోయి ఉంటుంది. అన్నీ తడిసి ఉన్నాయి.

చిటికెనవేలు వంకరపోయిన చెయ్యి ఒకటి. పట్టీ చుట్టిన మణికట్టు ఒకటి. ముడతలు పడి, మచ్చలు తేలిన ముసలి చేతులు రెండు, పక్కనే ఇంకా వెంట్రుకలు రాని లేత చేతులు రెండు. అన్నీ ఒకే లయలో కొడుతున్నాయి. బీరేశు ఊపిరి వదిలితే తెల్లని ఆవిరి వస్తోంది. వాళ్ళలో ఎవరి దగ్గరా ఆవిరి లేదు.

బీరేశు పరుగెత్తాడు.

ఎలా పరుగెత్తాడంటే, తోడేలు వెంటపడ్డప్పుడు కూడా అతను అందులో సగమే పరుగెత్తాడు. ఇరవై మందిని దాటాడు. రెండు వందల మందిని దాటాడు. రెండు వేల మందిని దాటాడు. గుంజలు రాలేదు. నూరు మీటర్ల నేలలో అంతమంది ఎక్కడ పట్టారో, ఆ నేలను ఎవరు సాగదీశారో, సందు మాత్రం తెగలేదు. అతను ఉరికితే చప్పట్లు ఉరకలేదు. అతను తూలితే చప్పట్లు నవ్వలేదు. అదీ అతన్ని వణికించింది. వాళ్ళు వెక్కిరించడం లేదు. చాలా ఆదరంగా కొడుతున్నారు. ఓడినవాణ్ణి సాగనంపినట్టే.

"నేను ఓడలే," అన్నాడు. గొంతు చిన్నగా వచ్చింది. "నాలుగు ఆటలూ గెలిచిన. నన్ను ఏరుకుంటరు. నేను మీ దాంట్ల లేను."

చప్పట్లు అలాగే పడుతున్నాయి, మెల్లగా, దయగా.

చివరికి కాళ్ళు ఆగిపోయాయి. పుట్టిన నాటినుంచి ఎక్కడా ఆగని కాళ్ళు. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి అందక పక్కకు చూశాడు. అక్కడ వరసలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. దానికి ఇటున్న భుజం ఇటు, అటున్న భుజం అటు కొంచెం జరిగి ఉన్నాయి. బస్సులో తెలిసినవాడు ఎక్కితే సీటులో సర్దుకుని చోటిస్తారే, అలా.

బీరేశు ఎంతసేపు ఆ చోటును చూశాడో తెలియదు. తర్వాత వెళ్ళి అందులో నిలబడ్డాడు. సందు వైపు తిరిగాడు. రెండు భుజాలకూ రెండు వైపులనుంచి చలి తగిలింది, బావిలో చెయ్యి పెట్టినట్టు. అతని చేతులు కొయ్యబారి ఉన్నాయి. వాటిని ఎత్తి ఒకసారి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారికి లయ కుదిరింది.

సందులో ఎవరో వస్తున్నారు. ఒక అడుగు గట్టిగా పడుతోంది, రెండోది ఈడ్చుకుంటూ వస్తోంది.

ఉస్తాద్. తల వంచుకుని, చేతులు వేలాడేసి, అప్పుడే ఆట ఓడి బయటికి పోతున్నవాడి నడక నడుస్తున్నాడు. ఆ నడకకు డెబ్బై ఏళ్ళు లేవు. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉన్నాయి. ఒళ్ళంతా దెబ్బలతో ఉన్న కుర్రవాడి నడక. ఎటూ చూడటం లేదు. చెంపలు తడిగా ఉన్నాయి, మంచు వల్లనో ఏమో.

బీరేశు కొట్టాడు. అరచేతులు మండేదాకా, ఆ మంట మోచేతుల దాకా పాకేదాకా కొట్టాడు. ఉస్తాద్ ఎదురుగా వచ్చి ఆగేసరికి చుట్టూ చప్పుడు లేదు. మంచులో తన రెండు చేతులే మోగుతున్నాయి. అవతలి గుంజలు రెండు బారల దూరంలో ఉన్నాయి.

"ఇగ చాలు," అన్నాడు ఉస్తాద్.

చెవి మీది పెన్సిలు తీశాడు. బీరేశు వెనక్కి వెళ్ళి, కాగితాన్ని అతని వీపుకు ఆనించి, పద్నాలుగో నంబరు ముందు పేరు రాశాడు. అక్షరం అక్షరం వీపు మీద తెలిసింది.

బీరేశు పక్కకు చూడలేదు. చూడాలంటే ధైర్యం చాలలేదు. "ఉస్తాద్, ఇయ్యాల నన్ను ఏరుకుంటే," అన్నాడు, "మొదటి జట్టుకు పోత గదా? ఈడికి మల్ల రాను గదా?"

ఉస్తాద్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. బీరేశు భుజం మీద చెయ్యి వేసి, మంచులోకి చూశాడు.

"పో బేటా. ఎంత పైకన్న పో. నీ జాగ వాళ్ళు ఖాళీగనే ఉంచుతరు."